లోను ఎప్పుడు పోదాం?

2022 డిసెంబరు 23 తెల్లవారుజామున శంషాబాద్ విమానాశ్రయంలో దిగాను. మూడేళ్ల మూడు నెలల తరువాత ఇంటికి వస్తున్నాను. పుష్పక్ బస్సు కండక్టరు ఎక్కడికి అని అడిగితే "తార్నాక" అన్నాను. అన్నాక నాకే వింతగా అనిపించింది. లండన్‌లో నెల రోజులుగా కనిపించినవాళ్లందరికీ "క్రిస్మస్‌కి ఇంటికి పోతున్నా" అని చెప్పుకుని తిరిగాను. నాకు ఇల్లంటే భద్రాచలం దాటి, కూనవరం బస్సెక్కి, మధ్యలో దిగి, చేను గట్ల మీద నడిచి, గోదావరి కనిపించే చోట ఆగడం. ఈసారి టికెట్టు మాత్రం తార్నాకకి తీసుకున్నాను. అమ్మ అక్కడ ఉంది మరి.

బస్సు ఉప్పల్, హబ్సిగూడ దాటి తార్నాకలో ఆగేసరికి ఇంకా వెలుగు రాలేదు. మెట్రో స్తంభాల కింద టీ బండి దగ్గర అన్న మఫ్లర్ చుట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్నకి రైల్వేలో ఉద్యోగం. లాలాగూడ వర్క్‌షాపులో పని. నాన్న పోయాక మేమిద్దరం ఎదురుపడటం అదే మొదటిసారి. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. పెట్టె ఎత్తి చూసి, "ఏం తెచ్చినవ్ రా, ఇంత బరువుంది?" అన్నాడు.

"పుస్తకాలు."

"అనుకున్న" అన్నాడు. అంతే. స్కూటర్ మీద వెనక కూర్చుని అన్న భుజం పట్టుకున్నాక కాని నాకు ఏడుపు రాలేదు.

అన్న వాళ్లది రెండో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. అమ్మ గుమ్మంలో కింద కూర్చుని ఉంది. ఊళ్లో అరుగు మీద ఎలా కూర్చునేదో ఇక్కడ సిమెంటు మెట్ల పక్కన అలాగే కూర్చుంది. నా మొహం రెండు చేతులతో పట్టుకుని చూసింది. ఏడవలేదు. "చిక్కిపోయినవ్ కొడకా" అంది. ఆ తరువాత కోయలో ఒక ప్రశ్న అడిగింది. ఇంటికి ఎప్పుడు పోదాం అని.

పక్కనే ఉన్న అన్న కూతురు నవ్వింది. దానికి ఎనిమిదేళ్లు, ఇంగ్లీషు మీడియం బడి. "బాబాయ్, నాయనమ్మ రోజూ లోను లోను అంటది. లోను తీసుకోవద్దు, వడ్డీ కట్టాలి అని డాడీ చెప్పినా వినదు" అంది.

మా కోయ మాటలో లోను అంటే ఇల్లు. తార్నాకలో పుట్టి పెరిగిన పిల్లకి లోను అంటే బ్యాంకు అప్పు. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. కాని ఆ నవ్వు అయిపోయాక గదిలో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అమ్మ ప్రశ్నకి జవాబు మా దగ్గర లేదు.

*

మేము గొమ్ము కోయలం. గొమ్ము అంటే ఏటి ఒడ్డు. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం దగ్గర్లో మా ఊరు. 1986 వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. అప్పటికి అమ్మకి కొత్తగా పెళ్లయింది. ఆ వరదకి ఇల్లు పోతే నాన్న కొంచెం ఎత్తు మీద, వెదురు తడికలు, మట్టి గోడలతో మళ్లీ కట్టాడు. అన్న, నేను ఆ ఇంట్లోనే పుట్టాం. 2022 జూలై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 తరువాత అంత వరద రాలేదు. ఈసారి నాన్న కట్టిన ఇల్లు పోయింది. నాన్న అప్పటికే లేడు.

ఊరంతా గుట్ట ఎక్కింది. టార్పాలిన్ల కింద వానలో రోజులు గడిపారు. నీళ్లు తీశాక కిందికి దిగి చూస్తే గోడలున్న చోట మోకాలి లోతు ఒండ్రు. అన్న వెళ్లి అమ్మని తీసుకొచ్చాడు. "నాలుగు రోజులు ఉండి వద్దువుగాని" అని చెప్పి తెచ్చాడు. ఆ నాలుగు రోజులు అయిదు నెలలయ్యాయి.

మళ్లీ కట్టుకోవచ్చు కదా అని లండన్‌లో ఒక స్నేహితుడు అడిగాడు. అతనికి చెప్పడానికి గంట పట్టింది. మా ఊరు పోలవరం ముంపు లెక్కలో ఉంది. అయితే మొదటి దశ కింద చెప్పే 41.15 మీటర్ల కాంటూరులో లేదు. 45.72 మీటర్ల పూర్తి మట్టానికి మునిగే ఊళ్లలో ఉంది. కాబట్టి పరిహారం ఇప్పుడు రాదు. ఎప్పుడో మునిగే ఊళ్లో పక్కా ఇల్లు కట్టుకోవడానికి ఎవరికీ చేయి రాదు. కాగితం మీద ఊరు ఇంకా మునగలేదు. అమ్మ ఇల్లు మాత్రం మునిగిపోయింది.

ఇంకొకటి కూడా చెప్పాను. మా ఊరు ఉన్న చోటి నుంచి అంగుళం కదలలేదు, కాని దాని అడ్రసు మారుతూనే ఉంది. మా తాత రోజుల్లో భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో మమ్మల్ని మళ్లీ తూర్పు గోదావరికి ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అమ్మ ఆధార్ కార్డు మీద ఒక జిల్లా, రేషన్ కార్డు మీద ఒక జిల్లా. ఆవిడ ఉంటున్నది మూడో చోట, వేరే రాష్ట్రంలో.

*

నేను లండన్ వెళ్లింది 2019 సెప్టెంబరులో. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఏటా దేశం మొత్తం మీద ఇచ్చేవి 20. అందులో 17 ఎస్టీలకి, 3 ఆదిమ తెగల వాళ్లకి. ఈ సంగతి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక మూల రాసిపెట్టుకోవాలని చెప్తున్నాను. నాకు ఇది ఎం.ఏ. అయిపోయిన తరువాత కాని తెలియలేదు.

మొదటి క్రిస్మస్ అక్కడ కొత్తగా ఉంది. డిసెంబరు మొదటి వారం నుంచే దీపాలు, పాటలు. తీరా 25న చూస్తే వీధుల్లో మనిషి లేడు. ఆ రోజు అక్కడ రైళ్లు నడవవు, భూగర్భ రైళ్లు కూడా ఉండవు. పండగంటే ఎవరింట్లో వాళ్లు తలుపేసుకునే రోజు. మా ఊళ్లో పండగంటే ఏ ఇంటికీ తలుపు వేయని రోజు. 24 రాత్రి వెదురు బద్దలతో చేసిన చుక్కకి రంగు కాగితాలు అంటించి, లోపల దీపం పెట్టి, ఊరూరా నడిచేవాళ్లం. ముందు చుక్క, వెనక డోలు. డోలు నాన్నది.

ఆ డోలు గురించి చెప్పాలి. అది తాత నుంచి వచ్చింది. తాత దాన్ని వేల్పు కొలుపుల్లో, కొమ్ముల ఆటలో వాయించేవాడు. మా వైపుకి క్రైస్తవం దుమ్ముగూడెం మీదుగా వచ్చింది. గోదావరిలో పడవల దారి కోసం పనులు చేయించడానికి వచ్చిన హెయిగ్ అనే ఇంజనీరు పూనికతో 19వ శతాబ్దంలో అక్కడ మిషను మొదలైంది. తరువాత జాన్ కెయిన్ అనే పాదిరి ఏళ్ల తరబడి అక్కడే ఉండి, కోయ నేర్చుకుని, మా గురించి రాశాడు. మా ఇంట్లో మాత్రం ప్రార్థనకి వెళ్లడం నాన్నతో మొదలైంది. అప్పట్లో ఊరికి వచ్చే ఒక పెద్దాయన డోలు పాత దేవుళ్లది, తీసేయమన్నాడట. నాన్న ఎదురు చెప్పలేదు, తీసేయనూ లేదు. దూలానికి కట్టి పైన పెట్టాడు. ఏడాదికి ఒకసారి క్రిస్మస్ ముందు రాత్రి దించేవాడు. ఇంకోసారి మా పెదనాన్న వాళ్ల వేల్పు పండగకి అడిగితే దించి ఇచ్చేవాడు. "తోలు గొడ్డుది, కర్ర అడవిది, దెబ్బ నాది. ఇందులో ఎవరి దేవుడికి కోపమొచ్చేది ఏముంది?" అనేవాడు. పెదనాన్న వాళ్లు ప్రార్థనకి రారు. కాని క్రిస్మస్ భోజనానికి అడ్డాకు విస్తరి వేసుకుని మొదటి వరసలో కూర్చునేది వాళ్లే.

రెండో క్రిస్మస్‌కి, 2020లో, ఎలాగైనా ఇంటికి రావాలనుకున్నాను. డిసెంబరు 23కి టికెట్టు. పెట్టె సర్దుకున్నాను. నాన్నకి ఒక ఉన్ని కోటు కొన్నాను. అప్పుడే కొత్త రకం కరోనా అన్నారు. లండన్‌లో 20వ తేదీ నుంచి ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటికి పోకూడదన్నారు. 22 అర్ధరాత్రి నుంచి బ్రిటన్ విమానాలను మన దేశం ఆపేసింది. ఒక్క రోజు తేడా.

24 రాత్రి నాన్న సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఫోన్ చేశాడు. వెంట డోలు తీసుకెళ్లాడు. చీకట్లో ఏమీ కనపడలేదు, శబ్దం ఒక్కటే. నేను మంచం మీద కూర్చుని విన్నాను. కాసేపు వాయించి, "వచ్చే ఏడు రా. కోటు దాచిపెట్టు" అన్నాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. జనవరిలో విమానాలు మళ్లీ మొదలయ్యాయి. తక్కువే, కాని ఉన్నాయి. జనవరిలో రావచ్చు, ఫిబ్రవరిలో రావచ్చు. రాలేదు. టికెట్టు డబ్బు ఇంకా వెనక్కి రాలేదని, చాప్టర్ పూర్తి చేయాలని, ఎలాగూ వచ్చే క్రిస్మస్‌కి పోతాను కదా అని. నాన్నకి యాభై ఎనిమిదేళ్లు. ఏం తొందర అనుకున్నాను.

మే నెలలో రెండో వేవ్ మా ఊరికి వచ్చింది. నాన్నకి అయిదు రోజులు జ్వరం. ఆరో రోజు ఊపిరి అందలేదు. ట్రాక్టరు మీద తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. అప్పటికి ఇండియా బ్రిటన్ వాళ్ల రెడ్ లిస్టులో ఉంది. వెళ్తే తిరిగి వచ్చేటప్పుడు హోటల్లో పది రోజులు ఉండాలి, దానికి 1750 పౌండ్లు. నా దగ్గర లేవు. ఉన్నా నేను చేరేసరికి మట్టి ఆరిపోయేది. నలుగురు మనుషులతో జరిగిన ఖననాన్ని ఫోన్‌లో చూశాను. అది కూడా సగం. మధ్యలో సిగ్నల్ పోయింది.

కోటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ పెట్టెలో పుస్తకాల కింద అదే ఉంది. అన్నకి చెప్పలేదు.

*

24 పొద్దున క్యాంపస్‌కి నడిచి వెళ్లాను. తార్నాక నుంచి ఉస్మానియాలోకి అడుగు పెట్టగానే చలి మారుతుంది. చెట్లు ఎక్కువ. 2012 నుంచి 2014 వరకు ఇక్కడ భాషాశాస్త్రంలో ఎం.ఏ. చదివాను. మొదటి రోజు ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి, ఇంత రాయి ఏ గుట్ట నుంచి తెచ్చారో అనుకున్నాను. ఆ భవనం ప్రారంభోత్సవం 1939లో జరిగింది, విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. అది పుట్టిన కారణం తరువాత తెలిసి ఆశ్చర్యపోయాను. దేశంలో ఇంగ్లీషులో కాకుండా ఒక భారతీయ భాషలో పెద్ద చదువులు చెప్పాలని పెట్టిన మొదటి విశ్వవిద్యాలయం ఇది. ఆ భాష ఉర్దూ. మన భాషలో పెద్ద చదువు చెప్పవచ్చు అన్న ఆలోచనకి ఈ రాళ్లు సాక్ష్యం. అందులో కోయ లేదు, గోండి లేదు. కాని ఆలోచన ఉంది.

అసలు మనవాళ్ల కథ ఈ క్యాంపస్‌లో లేకపోలేదు. ఆదిలాబాద్ గోండుల మధ్య మార్లవాయిలో ఉండి, అక్కడి పిల్లలకి గోండిలో చదువు మొదలుపెట్టించిన హైమెన్‌డార్ఫ్ 1940లలో ఇక్కడ ఆంత్రోపాలజీ ఆచార్యుడు. ఆయన తరువాత లండన్‌లోనే పాఠాలు చెప్పాడు. పాపికొండల కొండరెడ్ల మీద ఆయన 1945లో అచ్చేసిన పుస్తకం నాకు లండన్ లైబ్రరీలో దొరికింది. ఇక్కడ భాషాశాస్త్ర శాఖని 1962లో మొదలుపెట్టింది భద్రిరాజు కృష్ణమూర్తి. కొండదొరలు మాట్లాడే కూబి భాష మీద ఆయన పుస్తకం 1969లో వచ్చింది. అదే ఏడు స్టీఫెన్ టైలర్ అనే అమెరికన్ మా గొమ్ము కోయ మాటకే వ్యాకరణం అచ్చేశాడు. అది కూడా లండన్‌లోనే చూశాను. నాన్న పిల్లవాడిగా పశువులు కాసుకుంటున్న రోజుల్లో నాన్న మాటకి సూత్రాలు రాసి, సముద్రం అవతల అచ్చేసి, అరలో పెట్టారు. దుమ్ము దులిపి తీసినప్పుడు గర్వం కలిగింది, సిగ్గూ కలిగింది.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నాను. 2014 ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు పార్లమెంటులో గెలిచిన రాత్రి ఈ మెట్ల మీదే ఎగిరాను. గులాల్‌తో షర్టు పాడైపోయింది. జూన్ 2న రాష్ట్రం వచ్చింది. జూలైలో పార్లమెంటు ఇంకో సవరణ చేసింది. పోలవరం కోసం మా మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. నేను నినాదాలిచ్చి తెచ్చుకున్న రాష్ట్రంలో మా ఊరు నెలన్నర కూడా నిలవలేదు. హాస్టల్లో స్నేహితులు భుజం తట్టారు. ఒకడు నవ్వుతూ, "ఇప్పుడు నువ్వు ఆంధ్రోడివి రా" అన్నాడు. వాడిది తప్పేం లేదు, ఊరికే అన్నాడు. ఆ మాట మాత్రం ఉండిపోయింది.

పాత హాస్టల్ వైపు వెళ్లాను. సెలవులకి చాలామంది ఊళ్లకి వెళ్లిపోయారు. వరండాలో ముగ్గురు కుర్రాళ్లు బట్టలు ఆరేసుకుంటున్నారు. పలకరించాను. ఒకడు చింతూరు దగ్గర కోయ. క్రిస్మస్ చేసుకునేవాడే. ఊరికి పోను రాను చార్జీలు లేక ఆగిపోయాడు. రెండోవాడు ఉట్నూరు వైపు గోండు. మూడోవాడు దేవరకొండ తండా నుంచి వచ్చిన లంబాడా. గ్రూప్స్‌కి చదువుకుంటున్నారు. "రేపు మెస్సు ఉందా?" అని అడిగాను. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"తార్నాకలో మా ఇంటికి భోజనానికి రండి" అన్నాను. 'మా ఇల్లు' అనేశాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

*

25 ఆదివారం. వీధి చివరి ప్రార్థన నుంచి వచ్చేసరికి పన్నెండయింది. వదిన కోడి కూర వండింది. అమ్మ స్టవ్ ముందు నిలబడి వండలేక కింద పీట వేసుకుని జొన్న రొట్టెలు చేసింది. వాళ్లు ముగ్గురూ సంచిలో కమలాపండ్లు పట్టుకుని వచ్చారు. మెట్ల మీద చెప్పులు విడుస్తుంటే చింతూరు కుర్రాడు అమ్మని కోయలో పలకరించాడు.

అమ్మ చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. అయిదు నెలల్లో ఇంటివాళ్లు కాక బయటి మనిషి ఒకడు ఆమెతో కోయ మాట్లాడటం అదే మొదలు. వాడి ఊరేదని అడిగింది, ఇంటిపేరేదని అడిగింది, ఏ గట్టు అని అడిగింది. మేనత్త ఏ ఊరుకి పోయిందని అడిగింది. పది నిమిషాల్లో వాడు మాకు వరసకి బావమరిది అయ్యాడు. అన్నం తినకముందే చుట్టరికం తేలిపోయింది.

తినేటప్పుడు అమ్మ గోండు కుర్రాడికి నీళ్లు కావాలా అని కోయలోనే అడిగింది. మరిచిపోయి అడిగింది. వాడు చెంబు అందుకుని, "మేమూ ఏర్ అనే అంటాం అమ్మా" అన్నాడు.

తెలుగులో ఏరు అంటే వాగు. మాకు, వాళ్లకి ఏరు అంటే నీళ్లు. అమ్మకి ఉత్సాహం వచ్చింది. మరి ఇంటిని ఏమంటారని అడిగింది.

"రోన్."

"మేము లోను అంటాం" అంది అమ్మ. రోన్, లోను అని రెండు మూడుసార్లు అనుకుని నవ్వింది. ఆదిలాబాద్ ఎక్కడుందో ఆమెకి తెలియదు. అక్కడ కూడా ఇంటిని దాదాపు ఇలాగే పిలుస్తారని ఆ రోజు తెలిసింది. నేను నాలుగేళ్లు చదివి, పటాలు గీసి చెప్పేది కూడా ఇదే. ఈ రెండు భాషలూ ఒక్క తల్లి బిడ్డలని. అమ్మకి ఒక చెంబు నీళ్లతో తెలిసిపోయింది. అన్న కూతురు పక్కన కూర్చుని, "మరి లంబాడీలో?" అని మూడో అబ్బాయిని అడిగింది. "ఘర్" అన్నాడు వాడు. అది వేలి మీద లెక్కపెట్టుకుంటూ "రోన్, లోను, ఘర్, ఇల్లు, హౌస్" అంది. లోను అంటే ఇప్పుడు దానికి అప్పు కాదు.

సాయంత్రం డాబా మీదికి వెళ్లాం. అన్న కింద ఓనర్ల గురించి భయపడుతూనే వచ్చాడు. అమ్మ తన గుడ్డ సంచి తెచ్చింది. వరదప్పుడు గుట్ట ఎక్కుతూ పట్టుకున్న సంచి. అందులో కార్డులు, నాన్న ఫోటో, ఇంకా ఒక కర్ర. డోలు కర్ర. డోలు బరువు, నీళ్లు గుమ్మం దాటుతున్నాయి, ఎత్తలేకపోయింది. కర్ర ఒక్కటి నడుముకి దోపుకుని వచ్చింది.

"డోలు ఏదమ్మా?" అని చింతూరు కుర్రాడు అడిగాడు. అమ్మ గోదావరి వైపు అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ చెయ్యి ఊపింది హబ్సిగూడ వైపు.

వాడు అటూ ఇటూ చూసి, మూలనున్న ఖాళీ నీళ్ల బబుల్ తెచ్చి బోర్లించాడు. కర్రతో ఒక దెబ్బ వేశాడు. బొళక్ మంది. అందరం నవ్వాం. ఇంకొంచెం పక్కన వేశాడు. అక్కడ పలికింది. నాన్న వరస వేరు, వాడి వరస వేరు. ఊరు ఊరుకీ దెబ్బ మారుతుంది. అమ్మ తల అడ్డంగా ఊపి, కర్ర తీసుకుని, ఎలా కొట్టాలో చూపించింది. అమ్మ డోలు ముట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. మావైపు ఆడవాళ్లు వాయించరు. ముప్పై అయిదేళ్లు పక్కన నిలబడి విన్న మనిషికి ఆ వరస చేతికి వచ్చేసింది.

నేను ఫోన్ తీసి రికార్డు నొక్కాను. అప్పుడు ఒక మాట గుర్తొచ్చి చెయ్యి వణికింది. కోయ భాష మీద పరిశోధన చేసినవాణ్ణి. ఎన్నో ఊళ్ల మనుషుల గొంతులు గంటల కొద్దీ పట్టాను. నాన్న గొంతు ఒక్క కథ చెబుతున్నది కూడా నా దగ్గర లేదు. ఆయన ఎక్కడికి పోతాడులే అనుకున్నాను. గుట్ట మీద నుంచి డోలు వినిపించిన ఆ రాత్రి కూడా రికార్డు చేయలేదు. వింటూ కూర్చున్నాను.

ఈ మాట అమ్మతో అన్నాను. ఆమె కర్ర పక్కన పెట్టి, "అయితే నన్ను పట్టుకో" అంది.

ఆ రాత్రి పదకొండు దాకా చెప్పింది. 1986 వరద చెప్పింది. తాత పిలిచిన వేల్పుల పేర్లు చెప్పింది. నాన్న మొదటి క్రిస్మస్ చెప్పింది. చలి పెరిగితే పెట్టె తెరిచి కోటు తెచ్చి ఆమె భుజాల మీద కప్పాను. ఎవరిదని అడగలేదు. చేతులు పొడవున్నాయని రెండు మడతలు పెట్టుకుని కథ కొనసాగించింది. అన్న మాత్రం నా వైపు చూశాడు.

*

26 రాత్రి భద్రాచలం బస్సుకి టికెట్లు తీశాం. అన్నకి ఇష్టం లేదు. "అక్కడ ఏముంది, ఒండ్రు తప్ప?" అన్నాడు. నిజమే. ఉండటానికి చోటు పెదనాన్న వాళ్ల టార్పాలిన్ గుడిసె. కాని నాన్న సమాధి గుట్ట వాలులో ఉంది, దాని దాకా నీళ్లు రాలేదు. అమ్మ అక్కడ చుక్క వెలిగించాలంది. కొత్త సంవత్సరం దాకా ఉండి, మళ్లీ ఆమెని తార్నాకకి తీసుకురావాలి. తరువాత నేను లండన్ పోవాలి, థీసిస్ ఇవ్వాలి. ఆ తరువాత ఏమిటో ఇంకా తేలలేదు. కోయ చెప్పే పని దొరికితే వస్తాను. దొరక్కపోయినా ఏదో ఒక దారి వెతకాలి.

ఈ వ్యాసం చదివే టీచర్లకి ఒక విన్నపం. మీ క్లాసులో పిల్లలకి సంక్రాంతి సెలవులకో, క్రిస్మస్ సెలవులకో ఒక పని ఇవ్వండి. ఇంట్లో ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటలోనే ఒక కథ రికార్డు చేసుకుని రమ్మనండి. ఖర్చు లేదు, ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. దూరాన చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి చెప్పేది ఇంకా చిన్న మాట. జనవరిలో పోగలిగితే జనవరిలోనే పోండి. వచ్చే పండగ దాకా ఆగకండి.

బస్సుకి బయల్దేరుతుంటే అన్న కూతురు గుమ్మంలో నిలబడి అడిగింది. ఈసారి తెలుగులో అడగలేదు, ఇంగ్లీషులో అడగలేదు. తనకి వచ్చిన ఒక్క కోయ మాటని తెలుగులో కలిపి, "నాయనమ్మా, లోను పోతున్నావా?" అంది.

అమ్మ మెట్లు దిగుతూ ఆగి, వెనక్కి చూసి, "పోతున్న. మళ్ల లోను వస్త" అంది.